ఛాట్ అయిన డబ్బీలు

మా గల్లీలో నా వయసు ఆడవాళ్ళు కొందరు బట్టల షాపుల్లో నిలబడతారు, కొందరు కార్ఖానాల్లో టవెళ్ళ అంచులు కుడతారు, మిగిలినవాళ్ళంతా బీడీలు చుడతారు. నేను మాత్రం జనం తెమడ మోసే ఉద్యోగంలో చేరాను. ఎవరైనా అడిగితే "రీసెర్చ్‌లో పని" అని గొప్పగా చెప్పుకునేదాన్ని. అమ్మకు ఆ నాజూకులు తెలియవు. "మా పిల్ల తెమడ డబ్బీలు జమ చేస్తది" అని నల్లా దగ్గర పదిమందీ వినేలా చెప్పేది. నాకు ఒళ్ళు మండేది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. టీబీని పట్టుకునే కొత్త పరీక్ష ఒకటి తయారైంది. అది నమ్మదగినదో కాదో తేలాలంటే ఇప్పటికే ఉన్న పరీక్షతో పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే మనిషి తెమడను రెండు భాగాలు చేసి ఒకటి పాత పరీక్షకు, ఒకటి కొత్తదానికి పంపుతారు. జబ్బు ఉన్నవాళ్ళకు ఉందని చెప్పడం ఒక్కటే చాలదు, లేనివాళ్ళకు లేదని కూడా ఆ పరీక్ష చెప్పగలగాలి. అందుకని దగ్గేవాళ్ళ తెమడా కావాలి, దగ్గనివాళ్ళదీ కావాలి. షోలాపూర్‌లో దూది దుమ్ములోనూ తంబాకు దుమ్ములోనూ బతికే పేటలు మావే కాబట్టి మా వైపు వచ్చారు. తెలుగూ మరాఠీ రెండూ వచ్చిన మనిషి, ఇల్లిల్లూ తెలిసిన మనిషి కావాలన్నారు. భవాని పేట్ నుంచి అశోక్ చౌక్ దాకా నేను ఎక్కని గడప లేదు. అలా చేరాను.

చేరాక తెలిసింది, మనిషి నోట్లోంచి ఉమ్మి రావడం ఎంత తేలికో ఊపిరితిత్తుల్లోంచి తెమడ రావడం అంత కష్టమని. దగ్గు లేనివాళ్ళకైతే మరీ కష్టం. పొద్దున లేచి, ఏమీ తినకముందు నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి లోపల్నుంచి దగ్గమని చెప్పేదాన్ని. మా ఆడవాళ్ళు లేవగానే చేసే మొదటి పని మిశ్రీతో, అంటే కాల్చిన తంబాకు పొడితో పళ్ళు తోముకోవడం. డబ్బీ తెరిస్తే లోపల అంతా నల్లగా ఉండేది. మిశ్రీ మానిపిస్తే చాయ్ తాగి ఇచ్చేవాళ్ళు. రెండూ మానిపిస్తే సిగ్గు అడ్డం వచ్చేది. గల్లీలో నలుగురూ వింటుండగా ఖాండ్రించి ఉమ్మడానికి ఏ కోడలు ఒప్పుకుంటుంది? కొంగు అడ్డం పెట్టుకుని తుపుక్కున నాలుగు చుక్కలు ఉమ్మి మూత పెట్టేసేవాళ్ళు. మగవాళ్ళలో రాత్రి పాళీ చేసినవాళ్ళు పొద్దున ఒళ్ళు తెలియకుండా నిద్రపోతుంటారు, పగటి పాళీ వాళ్ళు నేను వెళ్ళేసరికి మగ్గాల దగ్గర ఉంటారు. వేలిముద్ర తీసుకునే ముందు చదివి వినిపించాల్సిన కాగితాన్ని పవర్‌లూమ్‌ల చప్పుడులో చెవి దగ్గర అరిచి వినిపించాను. "బలవంతం ఏమీ లేదు, మీ ఇష్టం" అని గొంతు చించుకుని అరుస్తుంటే నన్ను చూసి ఎవరైనా బలవంతమే అనుకునేవాళ్ళు.

ఇవన్నీ దాటి డబ్బీలను ఐసు పెట్టెలో సర్దుకుని ఎండ ముదరకముందే మా క్లినిక్‌కు చేర్చాలి. మా ఊరి ఎండాకాలంలో ఐసు ఎంతసేపు నిలుస్తుంది? అశోక్ చౌక్ దగ్గర ఆటో ఆగిపోతే నా ప్రాణం కొట్టుకునేది. మూత సరిగా బిగించని డబ్బీ ఒకటి కారితే పక్కవన్నీ పాడైనట్టే. క్లినిక్‌లో కరెంటు పోతే ఫ్రిజ్ ఎంతసేపు చల్లగా ఉంటుందోనని దాని తలుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడేదాన్ని. అన్నిటికంటే నాకు భయం లాబ్ నుంచి వచ్చే ఫోన్. పనికిరాదు, ఇది ఉత్త ఉమ్మి. పనికిరాదు, ఇందులో చాయ్ ఉంది. పనికిరాదు, మళ్ళీ తెప్పించండి.

మా డాక్టర్ సార్ మరాఠీ ఆయన. మంచివాడే, కానీ ఆయనకూ పైన ఎవరో ఉన్నారు. ఒకరోజు నన్ను పిలిచి, "అసంచ్ చాల్లం తర్ ఇథలం కామ్ బంద్ కరావం లాగేల్" అన్నాడు. ఇలాగే సాగితే ఇక్కడి పని ఆపేయాల్సి వస్తుందని. కోపంగా కూడా అనలేదు. అలా మెల్లిగా అన్నందుకే నాకు ఎక్కువ భయమేసింది. నాన్న పోయాక ఇంట్లో ఉన్నది అమ్మా నేనూ. ఈ ఉద్యోగం పోతే నేనూ బీడీల చేటను ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చోవడమే.

ఆ అరుగు మా ఇంటిదీ పక్కింటిదీ కలిసే ఉంటుంది. మధ్యాహ్నం పూట అమ్మా, పక్కింటి కోడలూ, ఇంకో ఇద్దరు ముగ్గురూ అక్కడే కూర్చుని బీడీలు చుడతారు. పక్కింటి కోడలు నల్గొండ దిక్కు పిల్ల, పెళ్ళయి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. చంటి కొడుకు చీర ఉయ్యాలలో ఉండేవాడు, వాడు ఏడిస్తే కాలితో ఊపుతూ చేత్తో ఆకు చుట్టేది. వాళ్ళ అత్తను నేను పెద్దమ్మా అంటాను, అందుకని ఈ పిల్ల మా అమ్మను చిన్నత్త అనీ నన్ను వదినె అనీ పిలిచేది.

ఆరోజు క్లినిక్ నుంచి వచ్చి ఆ కోపమంతా వాళ్ళ మీద చూపించాను.

"మీరిచ్చినయ్ ఒక్కటి కూడా పన్కి రాలేదంట. మళ్ళ ఇయ్యాలె."

"అంటే మావి ఛాట్ అయినయా వదినె?" అంది ఆ పిల్ల. బీడీల కార్ఖానాలో చెకర్ కట్ట విప్పి చూసి, బాగాలేవని ఏరి అవతల పారేసే బీడీలను ఛాట్ అంటారు. అందరూ పగలబడి నవ్వారు. తెమడకు కూడా చెకర్ ఉంటాడా అని ఒకావిడ, మా ఆయన ఉమ్మితే గోడే రాలుతది, ఆయన్ని అడుగు అని ఇంకొకావిడ. అమ్మ ఒక్కతే నవ్వలేదు.

"గిట్లనే అయితే నీ నౌకరి పోతదా?" అని అడిగింది.

"పోక ఏమైతది?" అని విసుక్కుని లోపలికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత డబ్బీలు బాగుపడ్డాయి. ఒక్కసారిగా కాదు, ఒకటీ అరా చొప్పున. మా అరుగు మీది ఆడవాళ్ళవి చిక్కగా, పసుపుపచ్చగా, పుస్తకంలో రాసినట్టుగా రావడం మొదలైంది. లాబ్ నుంచి ఫోన్లు తగ్గాయి. డాక్టర్ సార్ "ఛాన్, ఛాన్" అని మెచ్చుకున్నాడు. నేను చెప్పడం వల్లే నేర్చుకున్నారని మురిసిపోయాను. ఇంటికి వచ్చి అమ్మకు చెబితే అమ్మ ముఖం వెలిగిపోయింది. తిండి మీద ధ్యాస లేని నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని జొన్నరొట్టె పెట్టింది.

పక్కింటి పిల్ల రిపోర్టు వచ్చిన రోజు నేను క్లినిక్‌లో డబ్బీల మీద స్టిక్కర్లు అంటిస్తున్నాను. డాక్టర్ సార్ లోపలికి పిలిచి తలుపు మూశాడు. పాత పరీక్షా కొత్త పరీక్షా రెండూ ఒకే మాట చెబుతున్నాయి, జబ్బు ఉంది, బాగా ఉంది అన్నాడు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా అని అడిగాడు. ఉయ్యాల కళ్ళ ముందు ఊగింది. ఉన్నాడని తల ఊపాను.

ఆ పిల్లకు చెప్పాల్సింది నేనే. ఎవరికీ వినపడకుండా, ఇంటి వెనక బట్టలు ఆరేసే చోటికి పిలిచి చెప్పాను. మందులున్నాయి, నయమైపోతుంది, మాస్కు కట్టుకుని బాబుకు పాలివ్వొచ్చు అని సార్ చెప్పినవన్నీ అప్పజెప్పాను. ఆమె ఏడవలేదు. నా ముఖం వైపు కూడా చూడకుండా, "బాబుకు ఏమన్న అయితదా?" అని ఒక్కటే మళ్ళీ మళ్ళీ అడిగింది.

ఛాతీ ఫోటో తీయించడానికి మా క్లినిక్ ఆటో గుమ్మం ముందుకు వచ్చింది. అంతే, గల్లీ అంతటికీ తెలిసిపోయింది. పెద్దమ్మ మనవణ్ణి లాక్కుంది. ఆమెను చెడ్డ మనిషి అనలేను, ఆమె ముఖంలో ఉన్నది కూడా భయమే. మాస్కు కట్టుకుని పాలివ్వొచ్చని డాక్టర్ చెప్పాడన్నాను.

"డాక్టర్‌ది ఏం పోతది? ఆయన మన్మడా?" అంది. "మందులు అయిపోయేదాంక ముట్టుకునేదే లేదు. లేకుంటే పుట్టింటికి పంపిస్త."

కోడలిని వెనక గదిలో ఉంచింది. పళ్ళెం వేరు, చెంబు వేరు. బాబుకు డబ్బా పాలు. కానీ పెద్దమ్మ పొద్దున పోతే సాయంత్రం దాకా టవెళ్ళ కార్ఖానాలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఆమె కొడుకు మగ్గాల దగ్గర ఉంటాడు. పగలంతా పిల్లవాడిని ఎవరు చూస్తారు? గోడ ఇవతల ఉన్నది మా అమ్మ. ఆమె చేతికి ఇచ్చి వెళ్ళేది. అమ్మ సంబరం అంతా ఇంతా కాదు. చేట పక్కన పెట్టి వాణ్ణి ఎత్తుకుని తిరిగేది, నుదుటి మీద ముద్దులు పెట్టేది, పక్కలో వేసుకుని జోకొట్టేది. వాడికి కనీసం ఒక భద్రమైన చోటు దొరికిందని నాకూ ప్రాణం కుదుటపడింది.

ఆ కుదురు ఎక్కువ కాలం నిలవలేదు. అదే అరుగు మీద కూర్చునే ఇంకో ఇద్దరి రిపోర్టులు కూడా అలాగే వచ్చాయి. డాక్టర్ సార్ కాగితాలను పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఒకే గుమ్మం ముందు ముగ్గురా అన్నాడు. ఆ రోజు నుంచి నాకు గాలంటేనే భయం పట్టుకుంది. ఇంట్లో కూడా మాస్కు తీసేదాన్ని కాదు. గొంతులో గరగర అనిపిస్తే బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుని దగ్గి, నా ఉమ్మి నేనే చూసుకునేదాన్ని. ఎరుపు ఉందేమోనని. గల్లీలో నేను ఐసు పెట్టెతో కనపడితే తలుపులు మూసుకునేవాళ్ళు. ఇదివరకు చాయ్ తాగి పొమ్మన్న ఇళ్ళే. రోగాన్ని పెట్టెలో పెట్టుకుని తెస్తోందని ఒకావిడ నా వెనకనే అంది. తిరిగి నాలుగు మాటలు అనాలని నోటి దాకా వచ్చింది, కానీ నిజంగానే నేనే తెచ్చానేమో అన్న అనుమానం నాకూ ఉండడంతో నోరు లేవలేదు.

అమ్మతో పోట్లాడాను. అమ్మకు ఏళ్ళ తరబడి దగ్గు. పొద్దున లేస్తే మోరీ దగ్గర కూర్చుని చాలాసేపు దగ్గుతుంది. మా స్టడీలో పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళను చేర్చుకోకూడదని రూలు, అందుకని ఆమెను నేను ఎప్పుడూ అడగలేదు.

"సర్కారీ దవాఖానాలనన్న చూపిస్త, నడువు" అన్నాను.

"నాది తంబాకు దగ్గు. నీకు ఎర్క లేదా? నువ్వు పుట్టకముందు సంది ఉన్నది."

"అందరూ గదే అంటరు."

"గా పిల్లకు ఉన్నదన్నరు, కొడుకును తీస్కున్నరు. నాకూ ఉన్నదంటే కార్ఖానావాళ్ళు నా బీడీలు ముట్టుకుంటరా? ఊకో."

ఒళ్ళో బాబు నిద్రపోతున్నాడు. వాడిని లేపుతావా ఏంటి అన్నట్టు నా వైపు చూసింది. నేను ఊరుకున్నాను.

పక్కింటి పిల్ల ఛాతీ ఫోటో వచ్చింది. శుభ్రంగా ఉంది. డాక్టర్ సార్ దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు, దించాడు, మళ్ళీ చూశాడు. అంత జబ్బు ఉన్న మనిషికి ఛాతీ ఇలా ఉండదు, దగ్గు లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు అన్నాడు. మిగతా ఇద్దరివీ అంతే. పరీక్షలు రెండూ తప్పు చెప్పడం జరగదు. మందులు మొదలుపెట్టే ముందు మరోసారి తెమడ కావాలి, ఈసారి ఇంటి దగ్గర కాదు, ఇక్కడ, మన కళ్ళ ముందు అన్నాడు.

మర్నాడు పొద్దున ఆ పిల్లను ఆటోలో తీసుకువెళ్ళాను. క్లినిక్ వెనక రేకుల నీడలో కుర్చీ వేసి ఉప్పునీటి ఆవిరి పట్టించాం. దగ్గు రావడానికి. నర్సు లోపలికి వెళ్ళింది, నేను దూరంగా గాలి వచ్చే వైపు నిలబడ్డాను. ఆ పిల్ల దగ్గడానికి ఎంత ప్రయత్నించిందో. ముఖం కందిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డబ్బీలో పడింది మాత్రం నీళ్ళలాంటి ఉమ్మి. మళ్ళీ ఆవిరి, మళ్ళీ అదే. పాలు చేపి జాకెట్టు ముందంతా తడిసిపోయింది, కొంగు లాక్కుని కప్పుకుంది. నాకు చిరాకు పెరిగింది.

"ఇంటి కాడ మంచిగ ఇచ్చినవ్ కద. గిప్పుడేమైంది?" అని గద్దించాను.

డబ్బీని ఒళ్ళో పెట్టుకుని భోరుమంది.

"అది నాది కాదు వదినె."

మొదట నాకు అర్థం కాలేదు. ఏది నీది కాదు అన్నాను.

"మావి ఛాట్ అయినయన్నవ్ కద. నీ నౌకరి పోతదన్నవ్. మేం బీడీలు నింపుకున్నట్టే నింపినం."

అప్పుడు అర్థమైంది. కార్ఖానాలో ఎవరి కట్టలో బీడీలు ఛాట్ అయి లెక్క తక్కువ పడితే పక్కనున్న ఆవిడ తన వాటిలోంచి గుప్పెడు తీసి ఇస్తుంది. రేపు ఆమెకు తక్కువ పడితే ఈమె ఇస్తుంది. మా ఆడవాళ్ళు దీన్ని మోసం అనుకోరు, ఇవ్వకపోతేనే తప్పు పడతారు. కట్ట నిండిందా లేదా అన్నదే లెక్క, ఎవరు చుట్టారన్నది కాదు. డబ్బీల విషయంలోనూ వాళ్ళు అదే చేశారు. తక్కువైన చోట, బాగా ఉన్న మనిషి దగ్గర తీసుకుని కలిపారు. నవ్వు రావాల్సిన మాట. నాకు నవ్వు రాలేదు. అంటే ఈ పిల్లకు జబ్బు లేదు. మిగతా ఇద్దరికీ లేదు. జబ్బు ఉన్న మనిషి వేరే ఎవరో, ఎవరూ పట్టించుకోకుండా, మందు లేకుండా మా గల్లీలోనే తిరుగుతోంది.

"ఎవరిది? ఎవరిచ్చిండ్రు?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు పట్టుకుని ఊపాను.

"నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నది. ఆమె పేరు చెప్తే బాబును ఎవరు చూస్తరు వదినె?"

ఆ మాటతోనే నాకు తెలిసిపోయింది. అయినా ఆమె నోటితో అనేదాకా నమ్మకుండా నిలబడ్డాను.

"చిన్నత్తది" అంది.

మా అమ్మది.

నాకు బాగా గుర్తున్నది ఆమె ముఖం. చెప్పేసిన తర్వాత, ఒక్క క్షణం ఆ ముఖంలో తేలిక కనపడింది, తనకు జబ్బు లేదని అప్పుడే తట్టినట్టుంది. ఆ వెంటనే రెండో సంగతి తట్టింది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. తల్లికి జబ్బని తల్లి దగ్గర్నుంచి తీసి, పగలంతా బాబును ఎవరి ఒళ్ళో పెట్టారో. ఆమె డబ్బీ కింద పడేసి చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది.

ఆటోలో అమ్మకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తలేదు. బాబు పడుకుంటే లేస్తాడని మోగకుండా పెట్టడం నేనే నేర్పాను ఆమెకు. పక్కన ఆ పిల్ల "జల్ది, భావు, జల్ది" అని ఆటో అతన్ని తొందరపెడుతోంది. అమ్మకు ఏమవుతుందో అన్న భయం ఒకవైపు, అమ్మ వల్ల ఏమయిందో అన్న భయం ఒకవైపు. ఏది పెద్దదో నాకు ఆ రోజు తెలియలేదు, ఈ రోజూ తెలియదు.

అమ్మ లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. బాబు ఒళ్ళో ఉన్నాడు. గిన్నెలో పాలు పెట్టుకుని, చెంచాలోకి తీసి, ఉఫ్ ఉఫ్ మని నోటితో ఊది చల్లార్చి తాగిస్తోంది. కిటికీ మూసి ఉంది, పిల్లవాడికి వేడిగాలి తగలకూడదని. మమ్మల్ని చూసి నవ్వింది.

"అమ్మా, వాణ్ణి ఇయ్యి."

"పాలు అయిపోనియ్. సగంల ఏడుస్తడు."

"ఇయ్యమ్మా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "డబ్బీలల్ల నీది కలిపిచ్చినవా?"

అమ్మ గుమ్మంలో నిలబడ్డ పిల్ల వైపు చూసింది, చెప్పేశావా అన్నట్టు. అంతకంటే ఏమీ లేదు ఆ చూపులో. ఏదో చిన్న దొంగతనం బయటపడ్డట్టు కాస్త సిగ్గుపడింది.

"అన్నిట్ల జరంత జరంత కలిపిన. నీ నౌకరి పోతదంటివి. మిగతాది వాండ్లదే కద." తర్వాత కాస్త గర్వంగా, "నేను కలిపిన సంది ఒక్కటన్న వాపస్ వచ్చిందా?" అంది.

"రోగం నీదాంట్ల ఉన్నది" అన్నాను.

అంతకంటే మెల్లిగా చెప్పే మార్గం ఉండి ఉంటుంది. క్లినిక్‌లో మాకు నేర్పారు కూడా, మనిషిని కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని ఎలా చెప్పాలో. అవేవీ గుర్తు రాలేదు.

అమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. చేతిలో చెంచా అలాగే ఉంది. దాన్ని చూసింది. పాలగిన్నె చూసింది. బాబును చూసింది. తర్వాత ఒక్క చేత్తో కొంగు తీసి నోటికీ ముక్కుకూ గట్టిగా అదుముకుంది, ముఖం గోడ వైపు తిప్పుకుంది, బాబును పట్టుకున్న రెండో చేతిని ఎంత దూరం చాచగలదో అంత దూరం చాచింది. వాడు ఒరిగిపోతుంటే వాళ్ళమ్మ పరిగెత్తుకు వచ్చి అందుకుంది. అమ్మ ఊపిరి కూడా బిగబట్టినట్టుంది. వాళ్ళు గది దాటి వెళ్ళేదాకా దగ్గును ఆపుకుంది, వెళ్ళాక ఆగలేదు.

సర్కారీ దవాఖానాలో అమ్మకు పరీక్ష చేస్తే ఉందనే వచ్చింది. మిగతా ముగ్గురికీ లేదు. డాక్టర్ సార్‌కు కట్టలూ ఛాట్ సంగతీ చెబితే మొదట నవ్వాడు, మధ్యలో ఆగిపోయాడు. మా గల్లీ డబ్బీలన్నీ తీసేయాల్సి వచ్చింది, పైవాళ్ళకు ఎన్ని జవాబులు రాశాడో ఆయనకే తెలుసు. నా ఉద్యోగం పోలేదు. ఇప్పుడు ఎవరి తెమడైనా నా కళ్ళ ముందు దగ్గితేనే తీసుకుంటాను. ఆడవాళ్ళు సిగ్గుపడతారు, తిట్టుకుంటారు, నేను కదలను.

అమ్మ రోజూ మందులు వేసుకుంటోంది. పొద్దుటి దగ్గు చాలావరకు తగ్గింది. కార్ఖానావాళ్ళకు ఎవరూ చెప్పలేదు, నయమయ్యేదాకా ఆమే చేటను అటక మీద పెట్టేసింది. బాబుకు పరీక్షలు చేసి, ఇప్పటికి ఏమీ కనపడలేదు, కానీ చంటివాడు, ఒళ్ళో పెరిగాడు కాబట్టి జబ్బు రాకుండా మాత్ర ఇవ్వాలన్నారు. వాళ్ళమ్మ దాన్ని పొడి చేసి చెంచాలో కలిపి వేస్తుంది. నెలనెలా బరువు తూయించడానికి నేనే తీసుకువెళతాను. పెద్దమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఒకసారి మా గడప దగ్గరికి వచ్చి నిలబడి, ఏదో అనబోయి, వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇక ఎవరికీ అంటదు, పిల్లవాణ్ణి ఎత్తుకోవచ్చని దవాఖానాలో చెప్పి చాలా రోజులైంది. పక్కింటి పిల్ల తనంతట తానే వచ్చి, "చిన్నత్తా, జర పట్టుకో" అని వాణ్ణి అందించబోయింది. అమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. కానీ రోజూ సాయంత్రం నేను ఇంటికి రాగానే అడిగేది ఒకటే. తిన్నావా అని కాదు, ఆలస్యమైందేమని కాదు.

"పిలగాడు దగ్గిండా?"

"లేదమ్మా, మంచిగున్నడు" అనేదాన్ని. ఆ మాట విన్నాకే పళ్ళెం ముందుకు లాక్కునేది.

ఇప్పుడు చలికాలం. గల్లీలో పిల్లలందరికీ జలుబులే. నిన్న మధ్యాహ్నం నేను ఇంట్లో లేనప్పుడు గోడ అవతల్నుంచి అమ్మ ఏం విన్నదో నాకు తెలియదు. రాత్రి అన్నం దగ్గర అమ్మ నన్ను ఏమీ అడగలేదు. అడుగుతుందని చూశాను. పళ్ళెంలో అన్నం కెలుకుతూ గోడ వైపు చెవి పెట్టి కూర్చుంది. కాసేపటికి గోడ అవతల వాడు దగ్గడం నేనూ విన్నాను.